మూత తీసిన చెయ్యి

"రుజువు చూపలేనివాడి మాట ఎంతవరకు నమ్మాలి మేస్త్రీ?"

గిద్దలూరు మెకానిక్ షెడ్డులో ఖాదర్‌వలీ మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటున్న నాగవేణి అడిగిందీ మాట. అడిగిందంటే తెలియక అడిగిందని కాదు. జవాబు చేతిలో పెట్టుకునే అడిగింది. మాటకు మాట అప్పజెప్పడంలో ఆ షెడ్డులో ఆమెను మించినవాళ్లు లేరు.

ఎదురుగా ఉల్లిగడ్డల లోడుతో శెట్టిగారి పికప్పు ఉంది. నల్లమల ఘాటు ఎక్కుతుంటే ఉన్నట్టుండి ఇంజను ఆగిపోతోందని, చాలాసేపటికి గానీ మళ్లీ లేవట్లేదని డ్రైవరు ఏసోబు దాన్ని మాటిమాటికీ తెస్తున్నాడు. తెచ్చినప్పుడల్లా నాగవేణి ముందు డీజిలు మూత తీసి ట్యాంకులోకి తొంగి చూసేది, ఆపైన పైపులు తడిమేది, ఖాళీ బండిని ఊళ్లో ఒక చుట్టు తిప్పుకొచ్చేది. ఒక్కనాడూ అది ఆగిన పాపాన పోలేదు. "బండికేం లేదు" అని శెట్టికి చెప్పింది తనే. బండికేం లేకపోతే ఉన్నదంతా డ్రైవరుకేనని శెట్టి తేల్చుకున్నాడు. దారిలో కునుకు తీసి నెపం ఇంజను మీదికి నెడుతున్నాడని, సాయంత్రం నుంచి వేరేవాణ్ణి పెట్టుకుంటానని అన్నాడు.

"ఆగుద్ది మేస్త్రీ. పిల్లల మీద ఒట్టు," అన్నాడు ఏసోబు.

ఒట్లు సాక్ష్యం కావని నాగవేణి అనబోయింది. మేస్త్రీ ఆ మాటకు చోటివ్వలేదు. "ఏసోబూ, లోడుతోనే పోదాం పా. ఎప్పట్లాగే నడుపు. వేణమ్మా, నువ్వూ ఎక్కు."

ఘాటు సగం ఎక్కాక, ఒక మలుపులో ఇంజను దగ్గింది, మళ్లీ దగ్గింది, చచ్చింది. నాగవేణి అలవాటు చొప్పున కిందికి దూకి డీజిలు మూత మీద చెయ్యి వేసింది. మేస్త్రీ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగినదాన్ని ఆగినట్టే ఉండనీ. నీ చెయ్యి పడ్డాకే గదా అది మాట మార్చేది."

ఏసోబు తాళం ఎన్నిసార్లు తిప్పినా ఇంజను మూలిగిందే గానీ అంటుకోలేదు. అప్పుడు మేస్త్రీ, "ఇప్పుడు తియ్యి. మెల్లగా, చెవి ఆనించి," అన్నాడు.

మూత కాస్త వదులవగానే, నీట మునిగి తేలిన మనిషిలా ట్యాంకు బుస్సుమని గాలి లోపలికి లాక్కుంది. కాసేపటికి బండి లేచింది.

నాగవేణి మూతను వెలుగుకు పెట్టి చూసింది. డీజిలు తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవడానికి మూతకు సన్నటి బెజ్జం ఉంటుంది; అది పూడితే డీజిలు ఇంజనుకు అందదు. సరిగ్గా దాని మీదే దసరానాటి పసుపు, గంధం, కుంకుమ కలిసి రాయిలా గట్టిపడి ఉన్నాయి.

"బండంతా రోజూ తుడుస్తావు గదన్నా, దీన్నెందుకు వదిలావు?"

"ఆయుధపూజనాడు శెట్టిగారు చేతులారా పెట్టిన బొట్టమ్మా. నేనెట్టా తుడిచేది? రేపు బండికేమన్నా అయితే నా చెయ్యి తగిలిందంటారు."

మూతను వదులుగా బిగించి బండిని వెనక్కి తిప్పారు. రుజువు కోసం వెతికిన ప్రతిసారీ ముందు ఆ రుజువునే చెరిపేసిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నాగవేణి ఘాటు దిగినంతసేపూ కూర్చుంది.

షెడ్డు ముందు శెట్టి తాళాల కోసం చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. "ఏం పాపా, దొరికాడా దొంగ?"

"దొరికింది శెట్టిగారూ. బండి ఆగుతోంది, నా కళ్లముందే ఆగింది. ఏం లేదని చెప్పిన తప్పు నాది. ఏసోబన్న చెప్పిందే నిజం." మూత ఎందుకు ఊపిరాడనివ్వలేదో చెప్పి, దాన్ని విప్పి, చాచిన ఆ చేతిలో పెట్టింది.

శెట్టి బొట్టును చూశాడు. తర్వాత తన వేలిని చూసుకున్నాడు. తాళాల మాట మళ్లీ ఎత్తలేదు. ఏసోబు మొహం చూడకుండానే, "పొద్దుగూకకముందే లోడు చేర్చు" అని, పైపంచె కొంగుతో ఆ బొట్టు తుడవబోయాడు.

"బొట్టు ఉండనీండి శెట్టిగారూ," అన్నాడు మేస్త్రీ. "వేణమ్మా, నీ పిన్నీసు తియ్యి. గాలికి దారి ఉంటే చాలు."