బావికి కట్టిన లెక్క

గేదెల వారింట్లో ఎవరినడిగినా ఒకటే మాట: తెలివంటే మాదే, చెప్పింది చెప్పినట్టు చేస్తాం. పెద్దవాడు నూకరాజు మహా పొడుగు, తమ్ముడు కూర్మయ్య పొట్టి, నూకరాజు పెళ్ళాం అప్పలనరసమ్మ మధ్యరకం. తెలివి మాత్రం ముగ్గురికీ సమానమే. అందులో నాకెప్పుడూ అనుమానం లేదు.

వానలకి వాళ్ళ బావి నీళ్ళు పాడైపోయాయి. ఉన్నది ఆ ఒక్క బావే. తాగితే చాలు, కడుపులో గడబిడ. పక్కింటి కెమిస్ట్రీ లెక్చరరు సదాశివం గారు జాలిపడి బ్యూరెట్టనే గీతల గాజు గొట్టమూ ఫ్లాస్కూ తెచ్చిచ్చారు. ఫ్లాస్కులో ఇరవై మిల్లీలీటర్ల బావినీళ్ళు పోసి, పైనున్న గొట్టంలోంచి ఊదారంగు పర్మాంగనేటు చుక్క చుక్కగా వదలమన్నారు. మురికి ఉన్నంతసేపూ రంగు పోతూనే ఉంటుందట, మురికి అయిపోయాక లేత గులాబీ రంగు ఉండిపోతుందట. అప్పటికి ఎంత మందు పట్టిందో చూసి, బావి మొత్తానికి లెక్క కట్టుకోవాలి. రీడింగు కంటికి సమానంగా చూడాలి, ఫ్లాస్కు ఊపుతూనే ఉండాలి, రెండు రీడింగులు ఒకేలా వచ్చేదాకా వదలకూడదు అని మరీ మరీ చెప్పి ఆయన కాలేజీకి వెళ్ళిపోయారు. వెళ్ళకుండా ఉండాల్సింది.

ఇంకేముంది, ఎవరి కంటికి సమానంగా అని గొడవ. చివరికి గొయ్యి తవ్వి నూకరాజుని అందులో దింపారు, కూర్మయ్యని రోలు మీద నిలబెట్టారు. మూడు జతల కళ్ళూ ఒక వరసలోకి వచ్చాయి. అంతే, రీడింగు చూశారు.

తర్వాత ఊపడం. కాసేపటికి చేతులు నొప్పెట్టి ఫ్లాస్కుని ఉయ్యాల్లో వేశారు. అప్పలనరసమ్మ జోలపాట అందుకుంది. ఉయ్యాల ఇటొస్తే చుక్క ఫ్లాస్కులో, అటెళ్తే గొట్టం కిందే తాడు పట్టుకు కూర్చున్న కూర్మయ్య నెత్తిన. ఎలాగైతేనేం, నీళ్ళు గులాబీ రంగయ్యాయి. కూర్మయ్య కూడా అయ్యాడు.

రెండు మిల్లీలీటర్లు పట్టింది. రెండో రీడింగు కావాలి కదా, ట్యాపు కట్టేసి అదే గొట్టాన్ని ఇంకోసారి చూశారు. అచ్చం ఒకేలా వచ్చేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు పాపం.

ఇక బావి లెక్క. గుణించడం ఎవరికీ రాదు. నూకరాజు చాలాసేపు ఆలోచించాడు.

"లెక్క ఇరవైకి కుదిరింది గదేటి. బావిలో కూడా ఇరవయ్యే ఉంచితే సరిపోద్ది."

అంతే, డీజిలు మోటారు పెట్టి బావి మొత్తం వీధి కాలవలోకి తోడేశారు. అడుగున మిగిలింది చెంచాతో కొలిచి ఇరవై మిల్లీలీటర్లు ఫ్లాస్కులో పోసి మందు కలిపారు. ఇంతలో బావిలో ఊట మళ్ళీ మొదలైంది.

"ఈ ఊట మన లెక్క పాడుసేసేత్తాది మరిదీ," అంది అప్పలనరసమ్మ.

సాయంత్రం సదాశివం గారు వచ్చేసరికి పెరడంతా చదునుగా ఉంది. కూర్మయ్య కొత్తమట్టి మీద దిమ్మిస కొడుతున్నాడు. బావేదయ్యా అని అడిగారాయన. నూకరాజు ఫ్లాస్కు తెచ్చి రెండు చేతులతో అందించాడు.

"ఇదేనండి. రంగు ఉండిపోయిందండి. దాహంగా ఉంటే సగం తాగండి, మిగతాది మా ముగ్గురికీ ఏడాదంతా రావాల."