ఎలుగుబంటి చూసిన మూడడుగులు

కాళ్ళు దుప్పట్లో పెట్టుకో బంగారం. ఊ కొడుతూ ఉండు. నీ ఊ ఆగిందంటే నేనెక్కడిదాకా చెప్పానో మర్చిపోతాను, మళ్ళీ మొదటినుంచి రావాలి.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే చిన్నది కాదు, కృష్ణ ఒడ్డున వేసవిలో పెనంలా కాలే పెద్ద ఊళ్ళో, ఒక అమ్మమ్మ ఉండేది. ఆ అమ్మమ్మకి ఒక కూతురు. ఆ కూతురికి ఒక పసిపాప. పాపని పిచ్చుక అందాం. కూతురు బస్సులో టిక్కెట్లు కొట్టేది, కాబట్టి ఆవిణ్ణి కండక్టరమ్మ అందాం.

"మా అమ్మ కూడా కండక్టరేగా!"

ఊళ్ళో ఎన్ని బస్సులుంటే అంతమంది కండక్టర్లు. నువ్వు ఊ కొట్టు.

కండక్టరమ్మ తెల్లారకుండా డ్యూటీకి వెళ్తే పొద్దుగూకాక వచ్చేది. పిచ్చుక అమ్మమ్మ చేతుల్లో పెరిగేది. పిల్ల ఎదుగుతుంటే మనకొక ముచ్చట ఉందిగా, ఒక్కో పనికి ఒక్కో పిండివంట.

ఒకరోజు పిచ్చుక బోర్లా పడింది. అమ్మమ్మ బొబ్బట్లు చేసింది. తల్లి ఇంట్లో లేదు. అప్పుడు అమ్మమ్మ బొబ్బట్లు స్టీలు డబ్బాలో సర్ది, అల్లుడి చేత బస్టాండుకి పంపింది. కండక్టరమ్మ మూత తీసి చూసింది. తన పిల్ల బోర్లా పడిందని ఆవిడకి అలా తెలిసింది.

ఆ తర్వాత పిచ్చుక పాక్కుంటూ గడప దాటింది. అమ్మమ్మ గారెలు వేసింది. మళ్ళీ డబ్బా, మళ్ళీ బస్టాండు. డ్రైవరు కోటిలింగం, "ఏంటమ్మాయ్, మీ పిల్ల గడప కూడా దాటేసిందా? అది పరిగెత్తేలోగా నేను రెండు కిలోలు పెరుగుతాను" అని రెండు గారెలు తీసుకున్నాడట. కండక్టరమ్మ ఒక్కటీ ముట్టలేదు.

ఆ సాయంత్రం ఆవిడ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, రెండు విశేషాలూ డబ్బాలోనే చూశాను. అడుగులు మాత్రం నాకు డబ్బాలో పంపకే" అంది.

"సరేలేవే" అంది అమ్మమ్మ. ఆ సరే ఎంత తేలిగ్గా అందో!

ఇంతలో మే నెల వచ్చింది. పెళ్ళిళ్ళ రద్దీలో కండక్టర్లకి సెలవు దొరకడమంటే మాటలు కాదు. అయినా ఎలాగో ఒక్క రోజు దొరికింది. అప్పటికి పిచ్చుకకి పదకొండు నెలలు, మంచం పట్టెలు పట్టుకుని నిలబడుతోంది. ఇవాళో రేపో అడుగు వేసేలా ఉంది.

"ఇంట్లోనే ఉంటానమ్మా. కూలరు ముందు కూర్చుని దీన్నే చూస్తూ ఉంటాను" అంది కండక్టరమ్మ.

అమ్మమ్మ వింటేగా! ఊరి బయట కొత్తగా ఆటల పార్కు పెట్టారు. ఆకాశమంత రంగులరాట్నం, అలలొచ్చే కొలను, కొండ మీంచి నీళ్ళలోకి దూకే పడవ. బస్సుల బోర్డులు చూసి తనంతట తానే చదువు నేర్చుకున్న మనిషి అమ్మమ్మ. ఆ పార్కు బోర్డు చదివిన రోజునుంచీ చూడాలని ఒకటే పీకులాట. పైకి మాత్రం, "పెళ్ళై మూడేళ్ళయింది, మొగుడూ పెళ్ళాం కలిసి ఒక్కరోజు నవ్వింది లేదు, పదండి" అంది. పార్కుకి వెళ్దామన్నది కూతురూ కాదు, అల్లుడూ కాదు. అమ్మమ్మే. ఇది గుర్తుపెట్టుకో.

అప్పుడు అందరూ బయల్దేరారు. గేటు దగ్గర సంచి వెతికే ఆయన ఒక ఉల్లిపాయ పైకి తీశాడు.

"బయటి తిండి లోపలికి తేకూడదమ్మా."

"తిండి కాదు నాయనా. పసిపిల్లకి వడదెబ్బ తగలకుండా."

"మరి ఈ రెండోది?"

"అది నాకు."

ఆయన నవ్వి రెండూ సంచిలో పడేశాడు. అమ్మమ్మ కొంగు ముడిలో ఉన్న బెల్లంముక్క సంగతి ఆయనకి తెలియదు. అడుగులు పడే ఈడు పిల్లని బయటికి తీసుకెళ్తున్నాం, నోరు తీపి చేయడానికి ఏదైనా ఉండాలిగా అని ముడేసుకుంది. చూశావా, తల్లి చూడకుండా అడుగులు పడనివ్వనని మాటిచ్చిన మనిషి బెల్లం ఎందుకు తెచ్చుకున్నట్టు?

లోపల జనం ఇసకేస్తే రాలనట్టు ఉన్నారు. నేల కాలిపోతోంది. మైకులో పాటలు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. తడిబట్టలతో పిల్లలు నీడనుంచి నీడకి గెంతుతున్నారు. పిచ్చుక ముఖం టమాటాలా ఎర్రబడింది.

నీడ కోసం మూడు చోట్లు తిరిగారు. చెట్టు కిందికి వెళ్తే అక్కడ నలభై మందీ, నలభై చెప్పుల జతలూ. హోటల్లోకి వెళ్తే తినేవాళ్ళకే కుర్చీ అన్నారు. చివరికి మంచినీళ్ళ కుళాయిల పక్కన రేకుల షెడ్డు కింద, పచ్చ పట్టా పరిచిన చోట ఇంత జాగా దొరికింది.

అప్పుడు అమ్మమ్మ, "పిల్ల నా దగ్గరుంటుంది, మీరిద్దరూ ఆ పడవెక్కి రండి" అంది.

"వద్దులేమ్మా."

"నేనెక్కలేను, మీరూ ఎక్కకపోతే ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? వెళ్ళవే."

అల్లుడు కూడా ఆశగా చూశాడు. కండక్టరమ్మ లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. "అమ్మా, దీన్ని కిందికి దించకు. చంకలోనే ఉంచు."

"దించనే తల్లీ, వెళ్ళు."

పడవెక్కేవాళ్ళ వరస ఇనప కమ్మీల మధ్య పాములా మెలికలు తిరిగింది. ఏడాదంతా బస్సులో నిలబడే మనిషి, దొరికిన ఒక్క సెలవులోనూ గంటన్నర నిలబడే ఉంది. నిలబెట్టింది ఎవరు? అమ్మమ్మే.

ఇక్కడ పిచ్చుక ఉడికిపోయి ఏడుపందుకుంది. అమ్మమ్మ విసిరింది. తడిగుడ్డ పెట్టింది. పాట పాడింది. ఊహూఁ. ఎత్తుకుని ఎత్తుకుని అమ్మమ్మకి చెయ్యి లాగేస్తోంది. ఒక్క నిమిషమే కదా అని పట్టా మీదికి దించింది. పిచ్చుక ఏడుపు ఆపి, సంచి పట్టుకుని నిలబడింది.

అప్పుడు ఒక ఎలుగుబంటి వచ్చింది.

"నిజం ఎలుగుబంటా?"

కాదమ్మా, పిల్లలతో ఫోటోలు దిగే వేషం ఎలుగుబంటి. అది నేరుగా కుళాయి దగ్గరికి వచ్చి తన తలకాయ ఊడదీసి కింద పెట్టింది. లోపలినుంచి నడివయసు మనిషి బయటపడ్డాడు, నూతిలోంచి తీసినట్టు తడిసిపోయి. మూడు గ్లాసుల నీళ్ళు గటగటా తాగాడు.

పిచ్చుక ఆ తలకాయని చూసింది. తలకాయ పిచ్చుకని చూసింది. అప్పుడు పిచ్చుక సంచి మీదనుంచి చెయ్యి తీసేసింది.

అమ్మమ్మకి తెలిసిపోయింది. చెయ్యి చాపితే అందేంత దూరం. ఎత్తుకోవాలి. ఎత్తుకుంటే అయిపోయేది. అమ్మమ్మ చెయ్యి చాపింది, కానీ ఎత్తుకోవడానికి కాదు. "రా తల్లీ, రా రా" అంది.

ఒక అడుగు. ఆగింది. రెండో అడుగు. ఊగింది. మూడో అడుగు. ఎలుగుబంటి ముక్కు పట్టుకుని చతికిలబడింది.

ఏ కాలు ముందు వేసిందో కూడా అమ్మమ్మ చూసింది. చూసి మనసులో రాసుకుంది.

ఎలుగుబంటి మనిషి ఆ పెద్ద గుడ్డ చేతులతో చప్పట్లు కొట్టాడు. గుడ్డ కదా, చప్పుడు రాలేదు. అమ్మమ్మ కొంగు ముడి విప్పి, రవ్వంత బెల్లం పిల్ల నాలిక మీద పెట్టింది. ఆయనకీ కాస్త పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, మాట ఇచ్చానని.

"నాయనా, ఈ సంగతి ఎవరికీ చెప్పకు" అంది.

"తలకాయ పెట్టుకున్నాక ఎలుగుబంటి మాట్లాడకూడదమ్మా, అది మా రూలు" అని నవ్వి, తలకాయ తగిలించుకుని జనంలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కండక్టరమ్మ తడిసి ముద్దై నవ్వుతూ వచ్చింది. కూతురు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! వస్తూనే, "ఏం చేసిందమ్మా పిచ్చుక?" అంది.

"ఏం చేస్తుంది, చెమటలు కార్చింది" అంది అమ్మమ్మ. నవ్వుతున్న ముఖాన్ని ఏడిపించడం ఎందుకు, ఇంటికెళ్ళాక చెబుదాం అనుకుంది. అది మొదటిసారి.

తిరిగి వస్తుంటే బస్సులో సీటు దొరికింది. పిల్ల తల్లి భుజం మీద నిద్రపోయింది. "ఇవాళ నడుస్తుందేమోనని భయపడ్డానమ్మా. నడవలేదు, నాకోసం ఆగింది నా తల్లి" అంది కండక్టరమ్మ. అమ్మమ్మ కిటికీలోంచి బయటి బోర్డులు చదువుకుంటూ కూర్చుంది. అది రెండోసారి.

తొమ్మిది రోజుల తర్వాత పిచ్చుక వంటింట్లో గ్యాస్ బండ వదిలేసి, అప్పుడే డ్యూటీ దిగొచ్చిన తల్లి వైపు నడిచింది. కండక్టరమ్మ కేక వీధి చివరిదాకా వినిపించింది. "నేను చూశాను! నేనే ముందు చూశాను!" అని పిల్లని ఎత్తుకుని గిర్రున తిరిగింది.

అమ్మమ్మ అరిసెల పిండి కొట్టింది. పాకం పెట్టింది. ఇప్పుడు చెప్పనా, ఇప్పుడు చెప్పనా అనుకుంటూ గరిట తిప్పుతూ నిలబడింది. అలా నిలబడేసరికి పాకం ముదిరిపోయింది. అరిసెలు రాళ్ళలా వచ్చాయి. నిజం కూడా పాకంలాంటిదే బంగారం, దింపాల్సిన వేళకి దింపాలి.

ఆ రాళ్ళనే డబ్బాలో పెట్టుకుని కండక్టరమ్మ తనే డిపోకి తీసుకెళ్ళింది. "పన్ను ఊడినా పర్లేదు, తినండి. నా కూతురు నడిచింది, నేను చూశాను" అని అందరికీ పంచిందట. ఇంక ఆ మాట ఎలా చెప్పడం? అది మూడోసారి. నాలుగోసారి రానే లేదు.

కానీ మర్చిపోతానేమోనని భయం. పార్కుకి వెళ్ళిన రోజు క్యాలెండరు కాగితం చింపి దాచుకుంది అమ్మమ్మ. అక్షరాలు రాస్తే ఎవరైనా చదువుతారని మూడు గీతలు మాత్రం గీసింది. దాన్ని మెంతుల డబ్బా అడుగున పెట్టింది.

ఊ కొట్టు. పడుకున్నావా?

"ఊ."

అలా ఆరేళ్ళు గడిచాయి. పిచ్చుక రెండో క్లాసుకి వచ్చింది. అమ్మమ్మకి మతిమరుపు వచ్చింది. కళ్ళజోడు బియ్యం డబ్బాలో దొరికేది. పాలు పొయ్యి మీద మాడిపోయేవి. ఒకరోజు మెంతుల డబ్బా కడుగుతుంటే ఆ కాగితం చేతికొచ్చింది. మూడు గీతలు. ఏమిటివి? మూడు పాలపాకెట్లా? మూడు మాత్రలా? పొద్దున్నంతా కాగితం పట్టుకుని కూర్చుంది. గుర్తు రాలేదు. సాయంత్రం పిచ్చుక బడినుంచి వచ్చి మెట్లమీద దడదడా అడుగులు వేస్తే, అప్పుడు గుర్తొచ్చింది.

ఇవాళ గుర్తొచ్చింది. రేపు రాకపోతే? ఆ మూడడుగులూ చూసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకటి తను, రెండోది ఎలుగుబంటి. ఎలుగుబంటి మాట్లాడకూడదు.

అందుకని కూతురు డ్యూటీనుంచి రాగానే కూర్చోబెట్టి, పార్కు, ఎండ, పట్టా, బెల్లం, అంతా చెప్పేసింది. "తప్పు చేశానే. నీ మాట దాటాను. పైగా దాచాను" అంది.

కండక్టరమ్మ తిట్టలేదు. టిక్కెట్ల సంచి భుజాన అలాగే ఉంది. చాలాసేపు కాగితం మీది గీతలు చూసింది. ఆ తర్వాత ఒక్కటే అడిగింది.

"ఏ కాలు ముందు వేసిందమ్మా?"

అమ్మమ్మ నోరు తెరిచింది. పచ్చ పట్టా గుర్తుంది. ఎలుగుబంటి ముక్కు గుర్తుంది. చప్పుడు రాని చప్పట్లు గుర్తున్నాయి. కాలు గుర్తు లేదు. కుడా? ఎడమా? మనసులో రాసుకుంది కదా, ఆరేళ్ళు ఎవరికీ చూపించకుండా దాచింది కదా. దాచిన చోటే చెరిగిపోయింది. ఆరోజే చెప్పుంటే కూతురు ఆరోజే అడిగేది. కూతురి దగ్గరైనా ఉండేది.

"తెలీదే" అంది అమ్మమ్మ.

కండక్టరమ్మ లేచింది. పిచ్చుక పడుకున్న మంచం దగ్గరికి వెళ్ళింది. దుప్పటి తీసింది. ఏ కాలో తెలియదు కదా, అందుకని రెండు పాదాలూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంది.

"అమ్మమ్మా..."

ఏంటమ్మా?

"నిన్న రాత్రి అమ్మ నా కాళ్ళు పట్టుకుంది. చక్కిలిగిలి పెడుతోందనుకున్నాను."

ఊ.

"ఆ పిచ్చుక నేనేనా?"

ఊ. ఇప్పుడు ఊ కొట్టడం నా వంతు. కళ్ళు మూసుకో, పాట చెబుతాను. రేపు నేను మర్చిపోతే నువ్వు నాకు చెప్పాలి.

బొబ్బట్టు డబ్బాకెక్కె, గారె బస్సెక్కె,
అరిసె పాకం ముదిరె, అమ్మమ్మ నోరు మూతపడె,
నోటి తాళం తీసేసరికి నిజం సగం చెరిగిపోయె.
కథేమో కంచికి పోయె, మిగిలింది మనింటికొచ్చె,
కుడికాలో ఎడమకాలో, రెండూ నిద్దరపోయె.