కొమురవ్వను అడుగుపో

అనగనగా, మన గుట్టలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో ఒక నల్లరాతి గని ఉండేది. గనికొక దొర. ఊరంతా ఆ దొర కిందే రాయి కొట్టేది. గని ఒడ్డున కొమురవ్వ అనే ముసలమ్మ కూర్చుని ఉండేది.

ఏం పని చేసేది అంటారా? సద్దిముంతల కాపలా. పొద్దున్నే కూలీలు ఇంటినుంచి తెచ్చుకున్న సద్దిని ముంతలతో సహా ఆమెకు అప్పగించి గనిలోకి దిగేవాళ్ళు. కాకి వాలకుండా, కుక్క ముట్టకుండా ఆమె కాసేది. నీడ జరిగినప్పుడల్లా ముంతలు ఎత్తి నీడలోకి జరిపేది. ఎత్తీ ఎత్తీ ఆమెకు అన్నీ తెలిసిపోయాయి. ఎవరి ముంతలో గట్టి గటక ఉందో, ఎవరి ముంతలో పలచని అంబలి ఉందో చేతికే తెలిసేది. చంటిబిడ్డ తల్లి లింగవ్వ ముంతలో కొన్నాళ్ళుగా ఉప్పునీళ్ళే ఉన్నాయనీ తెలుసు. ఎవరూ చూడనప్పుడు తన గటకలో సగం అందులో వేసి, మూత పెట్టేసేది. నోరు మాత్రం విప్పేది కాదు.

ఒకనాడు గనిలో పాత మోకు తెగింది. బండ జారి బక్కయ్య అనే కూలీ ప్రాణం పోయింది. కొత్త మోకులు తెస్తేనే దిగుతామని కూలీలు పని బందు పెట్టారు. రోజూ వచ్చి గని ఒడ్డునే కూర్చునేవాళ్ళు. ముంతలు ఎప్పటిలాగే కొమురవ్వ దగ్గరే పెట్టేవాళ్ళు.

అవతల రాజుగారి కోట గుమ్మానికి రాళ్ళు పంపాలి. దొరకు కాలు నిలవలేదు. మోకులు కొంటే పోయేదానికి, మహానుభావుడు బుర్ర గోక్కుని వేరే ఉపాయం పన్నాడు. ఏ ఇంట్లో ముందు పొయ్యి ఆరుతుందో తెలిస్తే చాలు. ఆ ఇంటివాళ్ళను గనిలోకి దించితే, మిగతావాళ్ళ పట్టు దానంతటదే సడలుతుంది.

మొదటిసారి కొత్త చీర పట్టుకుని వచ్చాడు.

"కొమురవ్వా, ఈ చీర నీకే. ఎవరి ముంత ఖాళీగుంటుందో ఒక్క మాట చెప్పు."

"నీ బాంచెన్ దొరా, కాయమని ఇచ్చిండ్రు. చెప్పమని ఇయ్యలే."

రెండోసారి కళ్ళెర్రజేసి వచ్చాడు.

"ఏమే ముసలీ! నిన్ను పనిల పెట్టింది నేను. నీకు తెలిసిందంతా నాదే. చెప్తవా, గుడిసె పీకియ్యమంటవా?"

కొమురవ్వ తన గుడిసె వైపు చూసింది. ఆమెకు ఉన్నది ఆ గుడిసె ఒక్కటే. అయినా అంది కదా, "నన్ను పెట్టింది నువ్వే దొరా. ముంతలు వాళ్ళయి. కాయమని ఇచ్చిండ్రు. చెప్పమని ఇయ్యలే."

మూడోసారి దొర జొన్నల బండి తోలుకుని, కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు.

"నాకూ పిల్లలున్నరు అవ్వా. పస్తులున్న ఇల్లు ఏదో చెప్పు. ఒక బస్తా దించిపోత. పాపం, పసిగుడ్లు ఏం చేసిండ్రు?"

అప్పుడు తడబడింది కొమురవ్వ. లింగవ్వకు పాలు పడటం లేదు. పొద్దున బిడ్డ ఏడుపు గని ఒడ్డుదాకా వినిపించింది. పేరు నాలుక చివరికి వచ్చేసింది. ఒక్క మాట అంటే ఆ బిడ్డకు పాలు. అనకపోతే ఆ పాపం తనదే అనిపించింది.

బండి వంక చూసింది. దొర వంక చూసింది.

"మంచిమాట దొరా. పేరెందుకు? గడపకో బస్తా దించు. లేనోళ్ళకు చేరుతది. ఉన్నోళ్ళు తిరిగిస్తరు."

"అందరికా?" దొర గయ్యిమన్నాడు. "అందరి కడుపులు నిండితే పనికి ఎవడొస్తడే?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఏం లాభం? ఒడ్డున కూర్చున్న అందరూ విన్నారు. కొమురవ్వ నవ్వి, "కాయమని ఇచ్చిండ్రు దొరా. చెప్పమని ఇయ్యలే" అంది.

దొర బండి మళ్ళించుకుని పోయాడు. పోయినవాడు ఊరుకున్నాడా? గుట్టమీద మనుషుల్ని నిలబెట్టాడు. ఏ ఇంటి కప్పు మీద పొగ లేవదో చూసి రమ్మన్నాడు.

గుట్టమీది మనుషుల్ని చూసి కొమురవ్వకు సంగతి అర్థమై, గడపగడపకూ తిరిగింది. "పొయ్యి ఆర్పుండ్రి. ఉన్నది ముంతల పోసి, మూతపెట్టి తెండ్రి" అంది. లింగవ్వ తలుపు చాటున నిలబడి, "ఉత్త ముంత ఎట్ల తేను అవ్వా? నలుగురిల నా పరువు పోతది" అని ఏడ్చింది.

"మూత తియ్యకుండ తే బిడ్డా. దించుకునేది నేను."

గని ఒడ్డున పెద్ద గంగాళం ఎక్కించారు. కొమురవ్వ అందరికీ వీపు పెట్టి, కొంగు చాటున ఒక్కో ముంతా తనే వంచింది. దేంట్లో గింజలు పడ్డాయో, దేంట్లో ఏమీ పడలేదో ఆమెకూ గంగాళానికీ తప్ప ఎవరికీ తెలియలేదు. అందరూ ఒక్కచోటే తిన్నారు. లింగవ్వకు రెండు ముద్దలు ఎక్కువే పడ్డాయి.

ఇంటికప్పులు తప్ప మరేమీ చూడని గుట్టమీది మనుషులు పరుగెత్తి వచ్చారు. "దొరా! ఊర్లె ఏ ఇంట్లనూ పొగ లేదు!"

దొర ఎగిరి గంతేశాడు. ఊరంతా పస్తులుందనుకుని, రేపు అందరూ కాళ్ళమీద పడతారని మీసం మెలేశాడు. తెల్లారి కూలీలు రానే వచ్చారు. కడుపునిండా తిని, డప్పు కొట్టుకుంటూ, చంటిపిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని వచ్చి, ఎప్పటి చోటే కూర్చున్నారు. ఆ మర్నాడూ అంతే. ఆపై మర్నాడూ అంతే. ఎవరిని విడదీయాలో దొరకు అంతుబట్టలేదు. రాజుగారి భటులు గుమ్మం రాళ్ళేవని వచ్చి అడిగేసరికి దొర మెడలు వంగాయి.

కొత్త మోకులు బండ్లమీద వచ్చాయి. మొదటి మోకు కొమురవ్వ చేత పట్టించి లాగించి, గట్టిదని ఆమె అన్నాకే కూలీలు గనిలోకి దిగారు. ఆ రోజు డప్పుల మోతకు గుట్టలు మారుమోగాయి!

చాలా ఏళ్ళకు కొమురవ్వ కన్నుమూసింది. ఏ ముంత సంగతీ ఎవరికీ చెప్పకుండానే వెళ్ళిపోయింది. లింగవ్వ బిడ్డ పెద్దదై, పిల్లల్ని కని, ముసలిదైనా తన తల్లి ముంత ఉత్తదని ఆమెకూ తెలియదు.

ఇప్పటికీ ఆ గుట్టల వైపు పనికి పోయేవాళ్ళు సద్దిముంతలన్నిటికీ ఒకేలాంటి మోదుగాకు మూత కడతారు. తినేముందు అందరి సద్దిలోంచీ ఒక్కో ముద్ద తీసి ఒకే గిన్నెలో వేస్తారు. దాన్ని కొమురవ్వ ముద్ద అంటారు. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు, తీసుకునేవాళ్ళ వంక ఎవరూ చూడరు.

ఇక పెద్దమనిషి ఎవడైనా వచ్చి, ఫలానా వాళ్ళింట్లో సంగతేమిటని మెల్లగా ఆరా తీస్తే, చిన్నపిల్లలు కూడా చెయ్యి చాపి గని ఒడ్డునున్న ఆమె సమాధి చూపిస్తారు.

"మాకేం తెలుసు? కొమురవ్వను అడుగుపో."