దివాన్ గారి పట్టు రుమాలు

ఒకానొక సంస్థానంలో నూకాలు అనే ఆవిడ కోట వంటశాలలో విస్తళ్లు కుట్టేది. ఒకరోజు పడిశం పట్టి, లేత మోదుగాకుతో ముక్కు తుడుచుకుని, ఆకు పొయ్యిలో పడేసి, చేతులు కడుక్కుంది. అది దివాన్ భైరవయ్య కంటపడింది. ఆయనకూ పడిశమే. పొద్దుట్నుంచీ ఒకే పట్టు రుమాల్లో చీది, మడతపెట్టి బొడ్లో దోపుకుంటున్నాడు.

"ఆకుతో తుడుచుకుంటావా? శుభ్రం తెలియని మనిషివి. రేపట్నుంచి పనిలోకి రాకు," అన్నాడు.

నూకాలుకి ఈ పని పోతే ఇల్లు గడవదు. ఇంతలో వంటవాడు దివాన్ గారికని వేడివేడి బూరెలు తెచ్చాడు.

"ఆకు శుభ్రం కాదని నాకు తెలీలేదు బాబూ. తమరి రుమాలు పరవండి, బూరెలు అందులోనే వడ్డిస్తాను," అంది నూకాలు వినయంగా.

దివాన్ రుమాలు తీశాడు. తడిసి ముద్దయిన ఆ గుడ్డ వంక చూశాడు, బూరెల వంక చూశాడు. వంటవాడు నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"ఆకే వెయ్యి," అన్నాడు దివాన్ చివరికి.

"మరి రేపు పనిలోకి..."

"రా."

బూరె కొరకబోతుంటే ఆయనకి తుమ్ము ముంచుకొచ్చింది. చెయ్యి బొడ్డుదాకా వెళ్లి ఆగిపోయింది.

"నూకాలూ, ఇంకో ఆకు ఇలా ఇయ్యి," అన్నాడు మెల్లిగా.