పూటకొక మాను

అనగనగా ఒక అడవిలో, నల్లరాతి కొండకు తూర్పు పక్కన, ఒక ఎలుగుబంటి ఉండేవాడు. పేరు బొంతయ్య. ముసలమ్మలు చలికి కప్పుకునే పాత బొంత ఎలా ఉంటుందో, వాడి ఒళ్లు అచ్చం అలా ఉండేది. ఎటు పట్టుకున్నా జుట్టే.

అదే అడవిలో ఒక నీటిగుంట. గుంటలో ఒక ముసలి తాబేలు. పేరు కుదురమ్మ. ఆమె ఆ అడవికంతటికీ వైద్యురాలు. జింకకు కడుపునొప్పి వచ్చినా, ముళ్లపందికి తన ముల్లే తనకు గుచ్చుకున్నా ఆ గట్టు మీదికే వచ్చేవాళ్లు. ఆమె మందులివ్వడం తక్కువ, అడగడం ఎక్కువ. "ఏం తిన్నావు? ఎంత తిన్నావు? ఎందుకు తిన్నావు?" అని మూడు ప్రశ్నలు వేసేది. మూడో ప్రశ్నకు జవాబు దొరక్క సగం మంది రోగులు అక్కడే సగం బాగుపడేవాళ్లు.

తల్లి పోయిన బొంతయ్యకు ఏ దుంప తినాలో, ఏది తినకూడదో చిన్నప్పుడు నేర్పింది ఈ కుదురమ్మే. అందుకని వాడికి ఆమె అక్క. వయసులో ఆమె వాడి ముత్తవ్వ కంటే పెద్దదే. అయినా అక్కే. పిలుపులకు లెక్కలేమిటి?

ఆ గుంటకు ఒక లోపం ఉంది. రోహిణి కార్తె వచ్చేసరికి ఎండిపోయి, అడుగు నెర్రెలు విచ్చేది. కొండకు పడమటి పక్కన ఏరు ఉంది. ఏటిలో ఎన్నడూ ఎండని మడుగు ఉంది. కానీ నడుమ ఉన్న కొండంతా ఒకటే రాయి. ఎండాకాలంలో అది రొట్టెలు కాల్చే పెనం. తాబేలు నడక మీకు తెలుసు కదా. సగం దూరం పోకముందే మాడిపోతుంది.

అందుకని ఏటా బొంతయ్య ఆమెను వీపున ఎక్కించుకునేవాడు. ఎలుగుల్లో తల్లులు పిల్లల్ని అలాగే మోస్తారు. కుదురమ్మ వాడి మెడ మీది జుట్టును నోటితో గట్టిగా పట్టుకునేది. పొద్దున్నే బయల్దేరితే రాయి వేడెక్కేలోపు కొండ దాటేవాళ్లు. తొలకరి పడగానే మళ్లీ మోసుకొచ్చేవాడు.

"అక్కడే ఉండిపోరాదా అక్కా? నీకీ తిప్పలు తప్పుతాయి" అనేవాడు బొంతయ్య.

"నా రోగులు ఇక్కడున్నారు కదరా" అనేది ఆమె.

ఇలా పన్నెండేళ్లు జరిగింది. పదమూడో ఏడు బొంతయ్యకు తిండి దగ్గరైంది. అంటే ఏమిటో చెబుతాను. అంతకుముందు వాడు రోజంతా తిరిగి నాలుగు చెదపుట్టలు తవ్వి, రెండు దుంపలు పీకి, దొరికిన రోజున కాస్త తేనె నాకి పడుకునేవాడు. ఆ ఏడు గుంటకు కూతవేటు దూరంలో కొత్త చోటు కనిపెట్టాడు. అక్కడ ఇప్పచెట్లు, పనసలు, అడవిమామిళ్లు గుంపుగా ఉన్నాయి. పైన కొమ్మకొమ్మకూ తేనెపట్లు. ఇక పుట్టలు తవ్వేదెవరు? ముంగిట్లో విందు ఉంటే ఊరంతా తిరిగి అడుక్కునేదెవరు? తిండి దగ్గరికి వచ్చింది, నడక దూరమైంది.

శివరాత్రి వెళ్లేసరికి బొంతయ్యకు ఆయాసం మొదలైంది. నాలుగడుగులు వేస్తే గుండె దడదడ. కూర్చుంటే లేవలేడు. మోకాళ్లు కటకటమంటాయి. వచ్చి గుంట గట్టున చతికిలబడ్డాడు.

"ఏం తిన్నావురా?" అంది కుదురమ్మ.

"ఏమీ లేదక్కా. పొద్దున్నే కాస్త తేనె, దాని మీద ఇప్పపూలు, మధ్యాహ్నం పనస. మధ్యమధ్యలో ఏదో నోట్లోకి."

"ఎంత?"

"ఉన్నంత."

"ఎందుకు?"

బొంతయ్య కాలిగోళ్లు చూసుకున్నాడు. "ఉంది కదా అని" అన్నాడు.

కుదురమ్మ నవ్వింది. "పెద్ద జబ్బేం కాదులే. లంఖణం పరమౌషధం అంటారు గానీ, నువ్వు ఒక్క పూట పస్తుంటే రెండో పూట అడవినే మింగేస్తావు. నీకు అది పనికిరాదు. నీకు మెల్లగా దిగే దారి చెబుతా. కష్టమేమీ లేదు. విను, పూటకొకటి..."

సరిగ్గా అప్పుడే అవతల తోపులో ముగ్గిన పనసకాయ ఒకటి ధబ్బుమని నేలరాలింది. వాసన గాలిలో తేలుతూ వచ్చింది. ముగ్గిన పనస వాసన ముందు ఎంత పెద్ద వైద్యమైనా నిలవదు. బొంతయ్య చెవులు అటు తిరిగాయి. సగం మాట విన్నాడు, సగం వాసన విన్నాడు.

కుదురమ్మ చెప్పింది, "పూటకొకటి మాను" అని.

బొంతయ్య విన్నది, "పూటకొక మాను" అని.

చూశారా ఎంత చిక్కో! మాను అంటే విడిచిపెట్టు. మాను అంటే చెట్టు కూడా. నడుమ ఒక్క 'టి' జారిపోతే వైద్యం కాస్తా విందైపోయింది. "మొదట పొద్దుటి తేనె..." అంటూ ఆమె ఇంకా చెబుతూనే ఉంది. బొంతయ్య అప్పటికే లేచి, "తెలిసిందక్కా, తెలిసింది!" అంటూ తోపు వైపు పరుగులాంటి నడక నడిచాడు.

ఆనాటి నుంచి వాడి పథ్యం మొదలైంది. పొద్దున ఒక ఇప్పమాను. మధ్యాహ్నం ఒక పనసమాను. సాయంత్రం ఒక మామిడిమాను. కింద రాలినవి, పైన వేలాడేవి, ఒక్కటి మిగలకుండా తినేవాడు. తోపులో ఉండే చెంగయ్య అనే కొండముచ్చు కొమ్మ మీంచి చూసి నోరు తెరిచాడు.

"ఏం బావా! నిన్న వైద్యురాలి దగ్గరికి వెళ్లావా, పెళ్లివారి పందిట్లోకి వెళ్లావా?"

"నోరుముయ్ రా చెంగా. ఇది మందు. పూటకొక మాను తినమంది అక్క."

"అలాంటి మందు నాకూ చెప్పమనకూడదూ! నీ జబ్బు నాకెప్పుడొస్తుందో!"

"దానికి పెట్టి పుట్టాలి" అన్నాడు బొంతయ్య మూతి తుడుచుకుంటూ.

మొదట్లో వాడు నిజంగానే నమ్మాడు. అది వాడి పక్షాన చెప్పాలి. తప్పు వినడం పెద్ద తప్పు కాదు. ఎవరైనా వింటారు.

ఫాల్గుణం చివర్లో ఒకనాడు నీళ్లు తాగడానికి గుంటకు వచ్చాడు. ఒక పొదకు అవతల, గట్టు మీద ఒక అడవిపంది ఒళ్లంతా రాయికి రుద్దుకుంటోంది.

"కందకు లేని దురద నాకెందుకొచ్చిందమ్మా?" అంటోంది పంది.

"ఆ కందను పచ్చిగా మేసింది నువ్వు కాబట్టి" అంది కుదురమ్మ. "చూడు, అన్నీ ఒక్కసారి వదలమంటే నీవల్ల కాదు. బొంతయ్యకు చెప్పినట్టే నీకూ చెబుతున్నా. పూటకొకటి మాను. ఇవాళ పచ్చికంద మాను. అది అలవాటయ్యాక పులుపు మాను. ఆ తర్వాత..."

బొంతయ్య నోట్లో నీళ్లు నోట్లోనే ఉండిపోయాయి. పొద ఇవతల నిలబడి అంతా విన్నాడు. ఈసారి ఏ పనసకాయా రాలలేదు. ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. తనకు చెప్పింది కూడా ఇదేనని తెలిసిపోయింది.

అప్పుడే గట్టెక్కి, "అక్కా, నేను తప్పుగా విన్నాను" అంటే సరిపోయేది. ఆమె కడుపు పట్టుకుని నవ్వేది, అంతే. బొంతయ్య అనలేదు. మధ్యాహ్నపు పనస గుర్తొచ్చింది. 'నేను వినలేదనుకుంటే సరి' అనుకుని, చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాడు.

మర్నాడు కుదురమ్మే వాణ్ని కేకేసి పిలిచింది. గట్టెక్కి వాడి పొట్ట వంక చూసింది.

"మానుతున్నావా?"

"నువ్వు చెప్పినట్టే అక్కా. పూట తప్పడం లేదు."

"మరి ఒళ్లు తగ్గినట్టు లేదేమిరా?"

"జుట్టు. కొత్తగా బాగా పెరిగింది."

ఆమె వాడి పొట్టను ముక్కుతో ఒకసారి నొక్కి చూసింది. తర్వాత మెల్లగా అంది. "తమ్ముడూ, నాతో మొహమాటం వద్దు. ఈ ఏడు మొయ్యలేననుకుంటే ఇప్పుడే చెప్పు. రాయి ఇంకా చల్లగా ఉంది. ఇవాళ బయల్దేరితే, నా నడకకు నెల పడుతుంది. ఎండలు ముదిరేలోపు మడుగు చేరతాను. నాకేం బాధ లేదు. చైత్రం దాటితే మాత్రం నడవలేను."

పిల్లలూ, కథంతా ఇక్కడే ఉంది. బొంతయ్యకు మూడు మాటలు నోటి దాకా వచ్చాయి. 'నేను మానలేదక్కా' అన్నది ఒకటి. 'నావల్ల కాదేమో' అన్నది ఒకటి. 'నువ్వు బయల్దేరు' అన్నది ఒకటి. మూడూ మింగేశాడు. తినడం అలవాటైన నోరు కదా.

"నేనుండగా నువ్వు నడవడమేమిటక్కా? జనం నవ్విపోతారు" అన్నాడు.

"అయితే సరే" అంది కుదురమ్మ. వాణ్ని నమ్మింది. నీళ్లలోకి దిగిపోయింది.

చైత్రం వెళ్లింది. వైశాఖం వెళ్లింది. 'రేపటి నుంచి మానదాం' అని వాడు అనుకోని రోజు లేదు. రేపు అనేది మంచి మాటే. దానికున్న దుర్గుణం ఒకటే, ఎప్పుడు చూసినా అది ఇంకా రాలేదు.

రోహిణి కార్తె వచ్చింది. గుంటలో నీళ్లు పోయి బురద మిగిలింది. బురద పోయి నెర్రెలు మిగిలాయి. ఒక తెల్లవారుజామున కుదురమ్మ వాడి వీపెక్కి మెడ మీది జుట్టు పట్టుకుంది. ఇద్దరూ బయల్దేరారు.

కొండ మొదట్లోనే బొంతయ్య ఆగాడు. "దాహంగా ఉంది" అన్నాడు. అక్కడ నీళ్లు లేవు. కాసేపు కూర్చుని లేచాడు.

పావు దూరం ఎక్కాక మళ్లీ ఆగాడు. "ముల్లు గుచ్చుకుంది" అన్నాడు. రాతి మీద ముళ్లెక్కడివి?  కుదురమ్మ చెవి వాడి వీపుకు ఆని ఉంది. లోపల గుండె ఎలా కొట్టుకుంటోందో ఆమెకు వినబడుతూనే ఉంది.

సగం దూరంలో ఒక పెద్ద రాతిగుండు ఉంది. దాని నీడలోకి వచ్చేసరికి వాడి మోకాళ్లు మడతపడ్డాయి. బొక్కబోర్లా పడ్డాడు. లేవబోయాడు. లేవలేకపోయాడు. మళ్లీ ప్రయత్నించాడు. మూడోసారి కళ్లు తిరిగాయి. సూర్యుడు అప్పటికే బారెడు పైకి వచ్చాడు.

కుదురమ్మ మెల్లగా కిందికి దిగి వాడి ముఖం దగ్గరికి వచ్చింది.

"మానలేదు కదూ?" అంది.

బొంతయ్య ఏడ్చాడు. ఏడుస్తూ అంతా చెప్పాడు. పనసకాయ రాలడం, 'టి' జారిపోవడం, పూటకొక చెట్టు తినడం చెప్పాడు. పంది దురద నాడు పొద చాటున నిలబడి వినడం కూడా చెప్పాడు. అది చెప్పడానికే ఎక్కువ సేపు పట్టింది.

"పూటకొక మానా!" అంది కుదురమ్మ. ఆ ఎండలోనూ ఆమెకు నవ్వు ఆగలేదు. "నిజంగా ఒక్క పూట కూడా తప్పలేదా?"

"తప్పలేదక్కా."

"ఇంత బుద్ధిగా పథ్యం చేసిన రోగి నాకు ఇంకొకరు లేరురా" అంది. అని నవ్వు మాని, రాతి వంక చూసింది. వెనక్కి పోతే ఎండిన గుంట. ముందుకు పోతే సగం కొండ. గుండు నీడ చెయ్యెడు మిగిలింది. అదీ జరిగిపోతోంది.

"తిట్టక్కా. నాలుగు తిట్టు" అన్నాడు బొంతయ్య.

"తిడుతూ కూర్చుంటే పొద్దెక్కదూ? ఈ నీడ పోయేలోపు ముందు ఏదైనా రాతి నెర్రె వెతుక్కోవాలి. నువ్వు కదలకు. సాయంత్రం చల్లబడ్డాక మెల్లగా కిందికి దిగు. ఇవాళ పొద్దుటి తేనె మాను. అది చాలు ఈ పూటకు."

అంతే. ఆమె నీడలోంచి ఎండలోకి నడిచింది. రాతి మీద కాలు పెట్టగానే చటుక్కున వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. బొంతయ్య "అక్కా! అక్కా!" అని పిలుస్తూనే ఉన్నాడు. ఆమె తిరిగి చూడలేదు. తాబేలు తల తిప్పితే ఒక అడుగు ఆలస్యం. చాలాసేపు కనబడింది. తర్వాత కొండ వంపు తిరిగింది.

సాయంత్రం బొంతయ్య మెల్లగా కిందికి దిగి చెబితే, చెంగయ్య పరుగున వెళ్లాడు. కొండ శిఖరం దాకా గెంతి వెతికాడు. రాతి నెర్రెలన్నీ చూశాడు. "జాడ లేదు బావా" అన్నాడు. ఆ ఒక్క రోజు వాడు వేళాకోళం ఆడలేదు.

ఆనాటి నుంచి బొంతయ్య పూటకొకటి మానాడు. మొదట తేనె. తర్వాత మధ్యమధ్యలో నోట్లోకి పోయేవి. తర్వాత రెండో వాయి ఇప్పపూలు. కడుపులో కాస్త చోటు ఉండగానే లేచేవాడు. మళ్లీ పుట్టలు వెతుక్కుంటూ తిరిగాడు. నిజానికి అంత కష్టమేమీ కాలేదు. అదే వాణ్ని ఎక్కువగా తినేసింది. ఇంత తేలికైన పనా నేను చెయ్యనిది, అనుకునేవాడు.

తొలకరి పడేసరికి ఆయాసం పోయింది. ఒకనాడు పొద్దున్నే ఒక్క చోటా ఆగకుండా కొండ దాటాడు. మడుగు ఒడ్డున ఎండ కాచుకుంటున్న తాబేళ్లను ఒక్కొక్కరినీ అడిగాడు.

"ఏటా ఎలుగు వీపెక్కి వచ్చే వైద్యురాలేనా?" అంది ఒక ముసలి తాబేలు. "ఈ ఏడు రాలేదయ్యా. మేమూ ఎదురుచూశాం. మా పిల్లలకు పొట్టలు బాగోలేదు కూడాను."

బొంతయ్య తిరిగి వచ్చాడు. గుంట నిండింది. గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి అడవిపంది వచ్చింది. దాని దురద తగ్గింది. ఆ మాట చెప్పాలని వచ్చింది.

"కుదురమ్మ ఇంకా రాలేదా?" అంది.

"రాలేదు" అన్నాడు బొంతయ్య. ఆ మాట వాడి చెవికే దొంగమాటలా వినబడింది. పంది వెళ్లబోతుంటే ఆపాడు.

"ఆగమ్మా. రాలేదు కాదు. నేను తీసుకుపోలేకపోయాను. కూర్చో, ఎందుకో చెబుతాను."

నీతి: మంచిమాట నోటికి నచ్చినట్టు వినకూడదు. తిండిలో చిన్న మార్పు ఈ పూటే మొదలుపెట్టాలి. మన ఒంటిని నమ్ముకుని ఇంకొకరు ఉంటారు.