ఎండ కాచుకున్న దుంప

అనగనగా అంటే నిన్నో మొన్నో కాదు. మీ తాతమ్మకి తాతమ్మ పాలపళ్ళు ఊడి, వాటిని ఇంటికప్పు మీదికి విసురుకునే రోజుల్లో, కొండల కింద పసిడివలస అని ఒక ఊరుండేది.

ఆ ఊరికి పసుపే పంట, పసుపే బతుకు. ఆడవాళ్ళ అరచేతులు, మగవాళ్ళ పంచెలు, ఆఖరికి కుక్కపిల్లల మూతులు కూడా పచ్చగానే ఉండేవి. ఊరందరికీ ఒకటే కట్టుబాటు. దుంప వీపు ఎండ చూడకూడదు. వానకి మన్ను కొట్టుకుపోయి ఎక్కడైనా కొమ్ము బయటపడితే, ఆ దారిన పోయేవాడు ఎవరి చేనని చూడడు, కాలితో మన్ను ఎగదోసి మరీ వెళతాడు. పసుపుకి అది మంచిదే. చిక్కల్లా ఏమిటంటే, మంచి అలవాటైపోతే మనిషి దాన్ని ఎందుకని అడగడం మానేస్తాడు.

అడగడం మాననిది ఆ ఊళ్ళో ఒక్క నూకాలే. కొత్త కోడలుగా వచ్చిన నాటినుంచీ "ఎందుకు?" అనకుండా ముద్ద మింగేది కాదు. "యముడొచ్చినా నా కోడలు వదలదు. ఎందుకొచ్చావు, దున్నపోతు మీదే ఎందుకొచ్చావు అని పొద్దుగూకేదాకా నిలబెట్టేస్తుంది" అని అత్త పైడమ్మ నవ్వేది. ఆ అత్తా కోడళ్ళకి ఒకరంటే ఒకరికి ప్రాణం.

ఒక ఏడు పైడమ్మ కళ్ళకి పొరలు కమ్మాయి. వైద్యుడు వచ్చి, రెప్పలెత్తి చూసి, "వచ్చే ఏడు చలికాలం దాకా వెలుగుంటుంది తల్లీ. ఆపైన నేను మాటివ్వలేను" అన్నాడు.

నూకాలు అత్త పక్కన చేరింది. "అత్తా, ఈలోగా నీకేం చూడాలనుంది?" అని అడిగింది.

"మా పుట్టింట్లో ఒక నీలిపువ్వుండేదే" అంది పైడమ్మ. "కత్తుల్లాంటి ఆకులు, తల వంచుకున్న రేకులు. చైత్రంలో ఒకసారి పూసి, ఊరుకోక కార్తీకంలో మళ్ళీ పూసేది. అది ఇంకొక్కసారి చూస్తే చాలు." ఈ రోజుల్లో ఆ పువ్వునే ఐరిస్ అంటున్నారు. ఏడాదికి రెండు కార్లు, అంటే రెండు కాలాల్లో, పూస్తుందని అప్పట్లో వాళ్ళు రెండుకార్ల పువ్వు అనేవారు.

పక్కింటి గౌరినాయుడు గోడ మీంచి విన్నాడు. "ఏడాదికి రెండుసార్లు పూసే పువ్వా? ముసలమ్మకి కళ్ళతోపాటు మతి కూడా మసకబారినట్టుంది" అన్నాడు. మనిషి మంచివాడే. నోరే కాస్త దురుసు.

వానలు వెనకబట్టే వేళ కొండల మీంచి ఒక సుగంధాల శెట్టి వచ్చాడు. వాడి మూటలో ఆ నీలిపువ్వు దుంపలు మూడున్నాయి. నూకాలు బుట్టెడు పసుపిచ్చి మూడూ తీసుకుంది. "ఎలా నాటాలి శెట్టిగారూ?" అంటే, "అమ్మడం నా పని, పూయించడం దేవుడి పని. మధ్యలో ఏముందో నాకు తెలీదమ్మా" అని మూట సర్దుకున్నాడు.

దుంపని చూస్తే అచ్చం పసుపుకొమ్ములాగే ఉంది. ఇంకేం, ఊరంతా సలహాలే. మొదటి దుంపని మోచేతి లోతు గోతిలో పాతారు. ఆఖరి వానలకి అది కుళ్ళిపోయింది. రెండోదాని మీద తట్టెడు పేడ ఎరువు కుమ్మరించారు. ఆకులు ఏపుగా లేచాయి, చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఎండలు ముదిరేసరికి అదీ మెత్తబడి వాసన కొట్టింది. మూడోదాన్ని నూకాలు తన చేత్తో దారివైపు గోడవార నాటి, పసుపుకి చేసినట్టే పైన మన్ను ఎగదోసింది. అది బతికింది. కానీ చైత్రం వచ్చి వెళ్ళినా మొగ్గ తొడగలేదు.

"పోనీలే" అంది పైడమ్మ. "కార్తీకం ఉందిగా." అంటూనే చెంబు అనుకుని రోకలి మీద చెయ్యి వేసింది. నూకాలు కళ్ళు తుడుచుకుని చెంబు అందించింది.

ఆ ఇంట్లో ఒక గళ్ళకోడి ఉంది. అది గోడవార చేరి దుంప మీది మన్నంతా కాళ్ళతో చిమ్మేసింది. నూకాలు అదిలించి మన్ను కప్పింది. మర్నాడు మళ్ళీ చిమ్మింది. మళ్ళీ కప్పింది. మూడోసారి కర్ర తీసుకుని వచ్చిన నూకాలు, కొట్టబోయి ఆగింది. అలవాటు ఊరుకోనివ్వదు కదా, వంగి చూసింది.

దుంపకి ఎండ తగిలినంత మేరా వీపు గట్టిపడి ఉంది. పక్కన రెండు పిల్లకణుపులు పచ్చగా ఉబికి వస్తున్నాయి. ఇంకా మట్టికింద ఉన్న కొస మాత్రం మెత్తబడి, నొక్కితే వేలు దిగబడుతోంది.

"ఎందుకే చిమ్ముతున్నావు? దీని సంగతి నీకు తెలుసా?" అని అడిగింది కోడిని.

"నాకేం తెలుసు తల్లీ, నాకు పురుగులు కావాలి" అంది కోడి. "కానీ ఒక మాట. మొన్న బాతుపిల్లలూ నా పిల్లలూ ఒకే గంప కింద పెరిగాయి. ఆకారం ఒకటే కదా అని నా పిల్లల్ని కుంటలో దింపితే ఏమయ్యేవి?"

నూకాలు చేతిలో కర్ర పక్కన పడేసింది. దుంప వేర్లు మాత్రం మట్టిలో ఉంచి, దాని వీపు పూర్తిగా తెరిచిపెట్టింది. వేసవంతా నేల తడారినప్పుడల్లా వేర్లకి తగినంత నీళ్ళు పోసింది. పిల్లి ఎండ కాచుకున్నట్టు ఆ దుంప హాయిగా ఎండ కాచుకుంది.

ఊరు ఊరుకుంటుందా? గౌరినాయుడు పొద్దున్నే పొలానికి వెళుతూ కాలితో మన్ను తోసేవాడు. నూకాలు చీపురు తెచ్చి ఊడ్చేసేది. పైగా ఆ ఏడు ఆషాఢం వచ్చినా మబ్బు పుట్టలేదు. జనం గుంపుగా వాకిట్లోకి వచ్చారు.

"దుంపకి ఎండ చూపించావు, ఆకాశం ఎండిపోయింది. కప్పెయ్యమ్మా నూకాలూ" అన్నాడు గౌరినాయుడు.

నూకాలుకి భయం వేసింది. నిజంగానే వేసింది. ఊరంతా ఒకవైపు, తను చూసిన రెండు పిల్లకణుపులు ఒకవైపు. "కప్పేద్దామా అత్తా?" అంది మెల్లగా.

పైడమ్మ గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది. "నువ్వు కళ్ళతో చూశావా, చెవులతో విన్నావా?"

"కళ్ళతోనే చూశాను."

"అయితే ఉంచు. చూపు విలువ ఈ ఊళ్ళో నాకంటే ఎవరికి తెలుసు?"

జనం వెనక్కి మళ్ళారు. కొన్నాళ్ళకి వాన తనంతట తనే వచ్చింది. దుంప వీపు అలాగే ఉంది, ఊళ్ళో పసుపూ బాగానే పండింది. అయినా గౌరినాయుడి కాలు తోస్తూనే ఉంది, నూకాలు చీపురు ఊడుస్తూనే ఉంది.

కార్తీకం వచ్చింది. పైడమ్మకి ఇప్పుడు మనుషులు నీడల్లా కనిపిస్తున్నారు. ఒక మంచు ఉదయం నూకాలు ఆమె చెయ్యి పట్టుకుని గోడవారకి నడిపించింది. పాత దుంప ముడుచుకుని ఉంది. దాని పక్కన పుట్టిన పిల్లదుంపలోంచి పొడుగాటి కాడ లేచి, దాని చివర నీలిపువ్వు విచ్చుకుని ఉంది.

పైడమ్మ మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. రేకు రేకూ చూసింది. "అదేనే. మా అమ్మ పెరట్లో ఉన్నదే" అంది. తర్వాత పువ్వు వదిలి లేచి, "ఇక ఇటు తిరుగు. ఈ వెలుగుండగానే నీ మొహం చూడనీ" అంది. నూకాలు ఏడుపు ఆపుకోలేక అలాగే నిలబడింది. పైడమ్మ తనివితీరా చూసుకుంది.

వార్త తెలిసి ఊరంతా వచ్చింది. గౌరినాయుడు ముందుకొచ్చి పువ్వుని చూస్తూ నోరు తెరిచాడు. అలవాటు చొప్పున అతని కాలు మన్నుని దుంప మీదికి తోసేసింది. అది చూసుకుని తలవంచాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, తను తోసిన మన్నుని తన చేత్తోనే తీసేశాడు.

ఆ పిల్లదుంపలే ఆ తర్వాత ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళాయి. ఇచ్చేటప్పుడు నూకాలు ప్రతివాళ్ళకీ చెప్పిన మాట ఒకటే:

మనకు తెలిసిన మంచితో కప్పేయడం కాదు, దానికి ఏది మంచో చూసి తెలుసుకోవడమే పెంపకం.