గూడొదిలి అరిచిన కాకులు

ఆరోగ్య కేంద్రం వెనక నిద్రగన్నేరు చెట్టు మీద కాకుల పేట ఉంది. దానికి పెద్ద దండయ్య. ఆయనకు గొంతు తప్ప ఇంకేమీ లేదు. చీమ చిటుక్కుమన్నా "కావ్" మంటాడు. ఆయన అన్నాడంటే అందరూ చేస్తున్న పని వదిలేసి ఎగరాల్సిందే. అది అక్కడి కట్టుబాటు.

ఒకరోజు ఆడకోకిల ఒకటి కిటికీ మీద వాలింది. లోపల డాక్టరమ్మ జ్వరం మనిషికి చెబుతోంది.

"వైరస్ దూరగానే ఒళ్ళు కేక పెడుతుంది. ఈ మంట, ఈ జ్వరం ఆ కేకే. కొంతవరకు మంచిదే. ఆగకుండా పెడితేనే చిక్కు. వైరస్‌ను పట్టే కణాలు కూడా తడబడతాయి. వైరస్ హాయిగా సంతానం పెంచుకుంటుంది."

ఆడకోకిల మొగుడి దగ్గరికి ఎగిరిపోయి విన్నదంతా చెప్పింది.

"కాకుల గూళ్ళలో మన గుడ్లు పెట్టడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు మావా! నువ్వు వెళ్ళి కూత పెట్టు చాలు. మిగతాది దండయ్యే చూసుకుంటాడు."

మగకోకిల నీళ్ళ ట్యాంకు మీద వాలి కూశాడు.

"దొంగ! దొంగ! అందరూ రండి!" దండయ్య అందుకున్నాడు.

చుక్కమ్మ ఒక్కతే గూట్లోంచి కదల్లేదు. రోజూ గుడ్లను ముక్కుతో తిప్పి చూసి, పరాయిదుంటే కిందికి తోసేసే కాకి ఆమె.

"పెద్దయ్యా, నేనూ వస్తే గూడెవరు చూస్తారు?"

"పేట తగలబడుతుంటే నీకు గుడ్ల గొడవా?"

"తగలబడుతున్నదెక్కడ? కూసింది ఒక్కడు. అదీ ట్యాంకు మీద."

"ఎదురు చెబుతున్నావా? అయితే నిన్ను పేటలోంచి వెలేస్తాం!"

పాపం, భయపడి చుక్కమ్మ కూడా ఎగిరింది. మగకోకిల వాళ్ళను ఊరంతా తిప్పాడు. తరిమి వచ్చి వాలగానే మళ్ళీ కూశాడు, దండయ్య మళ్ళీ అరిచాడు. సాయంత్రానికి చుక్కమ్మ రొప్పుతూ గూటికి చేరింది. ఒక గుడ్డు కాస్త తేడాగా కనిపించింది. తిప్పి చూసే ఓపిక లేక దాన్నీ పొదుగుతూ పడుకుంది.

పిల్లలయ్యాయి. పెద్ద నోటిది ఒకటి మేతంతా మింగేసింది. చుక్కమ్మ సొంత పిల్లలు ఎండి రాలిపోయాయి.

ఆ రోజే దండయ్య సభ పెట్టాడు. "నా గొంతు పుణ్యమా అని ఒక్క కోకిలైనా మన పేటలో అడుగు పెట్టిందా?"

"కుహూ" అని వినిపించింది. అదీ దండయ్య సొంత గూట్లోంచి.

"దొంగ! దొంగ! ఎగరండి!" అన్నాడు దండయ్య. కాకులన్నీ గూళ్ళు వదిలేసి ట్యాంకు మీదికి ఎగిరాయి.

నీతి: ఒంటికైనా ఊరికైనా, హెచ్చరిక కేక హద్దు దాటితే కలిసొచ్చేది దొంగకే.